రావుగారి ఫ్లో

నవంబర్ 4

యుగంధర్ ఇంకా బతికే ఉన్నాడు. మిడిల్ పాయింట్ బజార్లో మందుల షాపు ముందు కనపడ్డాడు. జుట్టుకి నల్లరంగు, కాళ్ళకి తెల్లబూట్లు. గురువుగారూ, మీరేం మారలేదు అన్నాడు. అదే అతని బాధ.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ ద్వీపపు ఊళ్ళో మత్తు డాక్టరుగా పనిచేశాను. కోసేవాడి పేరు బోర్డు మీద ఉంటుంది. అంతసేపూ ప్రాణం పట్టుకుని కూర్చున్నవాడి పేరు ఎక్కడా ఉండదు. దానికి నేనేమీ అనుకోను. నా తగాదా అంతా యుగంధర్‌తో. అతని నర్సింగ్ హోమ్‌లో నేను ఆపించిన ఆపరేషన్లు చాలా ఉన్నాయి. రక్తం సిద్ధంగా లేదని కొన్ని, గుండె పరీక్ష చేయించలేదని కొన్ని. అందుకని ఒకరోజు మీటింగ్ పెట్టి, సర్‌కి చేతులు వణుకుతున్నాయి అన్నాడు. నేను నేర్పి తయారుచేసిన గోపినాథ్‌ని అడిగాడు, నీకేమైనా కనిపించిందా అని. గోపినాథ్ బల్ల మీది బిస్కెట్ల పళ్ళెం వంక చూస్తూ కూర్చున్నాడు. అదే నా రిటైర్మెంట్. ఒక శాలువా కప్పారు. దాంతో స్కూటర్ తుడుస్తున్నాను.

అప్పటినుంచీ అర్జీలు రాస్తున్నాను. యుగంధర్ మీద, మురుగుకాలవ మీద, జెట్టీలో వెలగని లైట్ల మీద, లైబ్రరీలో తడిసి ఉబ్బిన పుస్తకాల మీద. ఆ లైబ్రరీలో నేను చదవని పుస్తకం లేదు, నేను తప్ప చదివినవాడూ లేడు. జవాబులు రావు. ఇకనుంచి ఇందులో రాస్తాను. దీనికి జవాబు అక్కర్లేదు.

నా భార్య యర్రమ్మకి మళ్ళీ కడుపునొప్పి. ఉత్త గ్యాసు అంటోంది. గ్యాసు గురించి నాకే చెబుతోంది.

నవంబర్ 5

స్కాన్ తీయించాం. గాల్ బ్లాడర్ నిండా రాళ్ళు. గోడ వాచింది. తీసెయ్యాల్సిందే.

ఈసీజీలో మధ్యమధ్య ఒక దెబ్బ ముందుగా పడుతోంది. ఈ వయసుకి మామూలే అన్నారు. మామూలేనని నాకూ తెలుసు. నా సర్వీసులో నన్ను భయపెట్టినవన్నీ మామూలు గుండెలే.

పెద్దాసుపత్రిలో తేదీ వచ్చే నెలకి గానీ దొరకదు. చెన్నై పోదామన్నాను. యర్రమ్మ ఒప్పుకోలేదు. సముద్రం అవతల సచ్చిపోతే నన్ను ఐసుపెట్టెలో ఎట్టి తెత్తావా బావా, టూనా చేపలాగ, అంది. నా మేనమామ కూతురు. వండూర్‌లో పుట్టింది, తండ్రి శ్రీకాకుళం వైపునుంచి వలలతో వచ్చినవాడు. నేను డాక్టర్నన్న సంగతి ఆమె ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. చిన్నప్పుడు నేను పడవ మీంచి పడి ఏడ్చిన సంగతే ఆమెకి ఇప్పటికీ ముఖ్యం.

సాయంత్రం మా అమ్మాయి సుమ, తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి నేరుగా వచ్చింది. యుగంధర్‌తో మాట్లాడేసిందట. లాపరోస్కోప్, మూడు చిన్న చిల్లులు, రెండురోజుల్లో ఇల్లు. మత్తు గోపినాథ్ ఇస్తాడు. నేను నోరు తెరిచేలోపే, నాన్నా, నీ గొడవలు అమ్మ కడుపులోకి తీసుకురాకు అంది. మాట బాగుంది. నా కూతురే.

నవంబర్ 6

వాన. బంగాళాఖాతంలో అల్పపీడనం. వైజాగ్ ఓడ బయల్దేరలేదు. చెన్నై ఓడ సంగతి ఎవరికీ తెలియదు.

పొద్దున్న టీ లేదు. అలమరలో టీపొడి ప్యాకెట్ ఉంది, యర్రమ్మ విప్పదు. మా ఇళ్ళలో ఏ వస్తువైనా ఆఖరుది విప్పకూడదు. తర్వాతిది ఓడ దిగాలి, అప్పుడు దీన్ని విప్పాలి. మా అమ్మా అంతే, యర్రమ్మ వాళ్ళమ్మా అంతే. ఈ ద్వీపాల్లో పుట్టినవాళ్ళ ఇంట్లో ఏ మూల చూసినా తెరవని నూనె డబ్బా ఒకటి, కుట్టు విప్పని బియ్యం బస్తా ఒకటి కూర్చుని ఉంటాయి. మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళు దీన్ని పిసినారితనం అంటారు. వాళ్ళకి ఓడ రాని నెలలు తెలియవు.

నేనే విప్పబోయాను. నొప్పితో ముడుచుకుని పడుకున్న మనిషి అక్కడినుంచే అరిచింది, బావా సెయ్యి తియ్యి అని. వేడినీళ్ళు తాగాను.

నవంబర్ 7

థియేటర్ నర్సు చిన్నమ్మి యర్రమ్మని చూడటానికి వచ్చింది. నా కాలంలో చేరిన మనిషి. మాటల్లో మెషీన్ సంగతి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

కోపంలో కలిసిపోకుండా ముందు విషయం రాసుకుంటాను. మత్తు మెషీన్‌లో రోగి ఊపిరి గుండ్రంగా తిరుగుతుంది. వదిలిన గాలి సోడాలైమ్ గుళికల డబ్బా గుండా పోతుంది. మేం సున్నం అంటాం. చెడు గాలిని సున్నం పట్టేసుకుంటుంది, మిగిలింది మళ్ళీ రోగికే వస్తుంది. పైనుంచి ఎంత కొత్త గాలి కలుపుతామన్నదే ఫ్లో. ఎక్కువ కలిపితే పాత గాలి బయటికి నెట్టుకుపోతుంది, సున్నానికి పెద్ద పని ఉండదు. తక్కువ కలిపితే సిలిండర్ ఆదా, మందు ఆదా, భారమంతా సున్నం మీద. ఆ సున్నం చచ్చిపోతే మనిషి తను వదిలిన ఊపిరినే తను పీలుస్తాడు. ముందు గుండె పరిగెడుతుంది. తర్వాత తడబడుతుంది.

ఓడలు రాక సిలిండర్లు అడుగంటిన ఏడు, ఈ ఊళ్ళో తక్కువ ఫ్లో మొదలుపెట్టింది నేనే. దానికి రెండు నియమాలు పెట్టాను. సున్నం రంగుని నమ్మొద్దు, వారం తిరిగితే పారబొయ్యండి. ఊపిరిలో చెడు గాలిని గీతలా చూపించే మానిటర్ లేకపోతే తక్కువ ఫ్లో జోలికే పోవద్దు. నేను వచ్చేశాక ఫ్లో ఉంచుకున్నారు, నియమాలు పారబోశారు. ఇప్పటికీ దాన్ని అక్కడ రావుగారి ఫ్లో అంటారట. ఆ గోడల మధ్య గణేశ్వరరావు అనేవాడి పేరు మిగిలింది దానికొక్కదానికే.

మానిటర్ గీత ఏదీ అన్నాను. ఆ బాక్స్ రిపేరుకి చెన్నై పోయింది సార్, ఓడలో రావాలి అంది. సున్నం మార్చి ఎన్నాళ్ళయింది అన్నాను. మార్చక్కర్లేదు సార్, పొద్దున్న చూశాను, మల్లెపువ్వులాగ తెల్లగా ఉన్నాయి అంది. సాయంత్రానికో అన్నాను. సాయంత్రానికి కొంచెం ఊదాగా అవుతాయి సార్, సుబహ్ తక్ ఠీక్ హో జాతా హై, అని నవ్వింది.

ఆ గుళికలు అలసిపోతే ఊదారంగుకి తిరుగుతాయి. ఒక రాత్రి ఊరికే ఉంచితే మళ్ళీ తెల్లబడతాయి. రంగే వస్తుంది, బలం రాదు. ఇది పిల్లలకి మొదటి వారంలో చెప్పే పాఠం.

కొత్త డబ్బా లేదా అని అరిచాను. ఉంది సార్, ఒకటి, యుగంధర్ సార్ బీరువాలో తాళం వేసి ఉంచారు, ఓడ దిగనీ అప్పుడు విప్పుదాం అన్నారు, అంది. యుగంధర్ కూడా ఇక్కడ పుట్టినవాడేగా. నిన్న నేనూ వేడినీళ్ళు తాగినవాణ్ణే.

నవంబర్ 8

వానలో స్కూటర్ మీద బ్రూక్షాబాద్ వెళ్ళాను, గోపినాథ్ ఇంటికి. చెప్పాల్సింది ఒక్క మాట. ఆ డబ్బా విప్పించు. దారంతా అదే అనుకుంటూ వెళ్ళాను.

గోపినాథ్ భార్య గౌతమి తువ్వాలు ఇచ్చింది. చాయ్ ఇచ్చింది. పళ్ళెంలో బిస్కెట్లు పెట్టింది. ఆ బిస్కెట్లు చూశాక నా నోరు నా మాట వినలేదు. ఆ మీటింగ్ దగ్గర మొదలుపెట్టాను. నీకు ట్యూబ్ వెయ్యడం నేర్పిన చేతులు ఇవి, వణుకుతున్నాయా చూడు అని అతని ముఖం మీదికి చాపాను. వణికాయి. తడిసి ఉన్నాను, చలి. గోపినాథ్ నేల చూశాడు. అతనికి చూడటానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

సున్నం మాట చివర్లో వచ్చింది. అప్పటికి అదీ తిట్టులాగే వినపడింది. సర్, మేడమ్‌ని మా అమ్మలా చూసుకుంటాను అన్నాడు. మీ అమ్మకైనా నువ్వు ఆ డబ్బా విప్పించలేవు అన్నాను. అప్పుడు తలెత్తాడు. మీ ఉత్తరాలన్నీ చదివాను సర్, అయిదేళ్ళుగా ఆ మెషీన్ మనిషిని చంపుతుందని రాస్తున్నారు, ఒక్కసారైనా అయిందా సర్, అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

అవలేదు. నిజమే.

గేటు దగ్గర మళ్ళీ చెప్పాను. కనీసం ఫ్లో పెంచు. గొడుగు నా మీదికి వంచి, ఓడ వచ్చేదాకా సిలిండర్లు చూసుకోవాలి కదా సర్, టెన్షన్ మత్ లీజియే అన్నాడు. గౌతమి మిగిలిన బిస్కెట్లు పొట్లం కట్టి నా జేబులో పెట్టింది. దారిలో పారేశాను.

నవంబర్ 9

ఆరోగ్యశాఖ ఆఫీసుకి ఫోన్ చేశాను. అరే రావు అంకుల్, ఇస్ బార్ భీ నాలీ కా మామ్లా హై క్యా, అన్నాడు క్లర్కు, ఈసారీ మురుగుకాలవ గొడవేనా అని. పక్కన ఎవరో నవ్వారు.

నవంబర్ 10, ఉదయం

థియేటర్ బయట బెంచీ. ఈ పుస్తకం తెచ్చుకున్నాను. గొడవ చెయ్యనని సుమ నా చేత ఒట్టు వేయించుకుంది.

యర్రమ్మ తమ్ముడు నూకన్న వండూర్ నుంచి మొదటి బస్సుకి వచ్చాడు. చేపలవాసన, చేతిలో సంచి. అక్క ఏటీ తినకూడదంట గదా, మరి నీకు తెచ్చాను బావా, అన్నాడు. సంచిలో ఉడకబెట్టిన కర్రపెండలం.

ట్రాలీ మీద తీసుకుపోతుంటే యర్రమ్మ చెయ్యి పట్టుకున్నాను. నాడి చూస్తున్నానని కనిపెట్టేసింది. ఏటలా సూత్తావు, నేనేటి సంతలో చేపనా, ఒగ్గీ అంది. గోపినాథ్ వచ్చి నమస్తే సర్ అన్నాడు. యర్రమ్మ అతని బుగ్గ గిల్లి, బాబూ, ఈయన మాటలు పట్టించుకోకు అంది.

అదే పట్టించుకోవాల్సింది.

10.40

మొదలయింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మానిటర్ బీప్ వినిపిస్తోంది. నిమిషానికి డెబ్బై ఉంటుంది. సమంగా ఉంది. ఈ చప్పుడు వింటే చాలు, చూడక్కర్లేదు నాకు.

కడుపులోకి కూడా అదే చెడు గాలి నింపుతారు, లోపల చోటు కోసం. అది రక్తంలోకి ఎక్కుతుంది. ఊపిరితిత్తులు దాన్ని బయటికి పంపాలి. పంపితే ఎక్కడికి పోతుంది? ఆ సున్నంలోకి.

తొంభై.

నూకన్న పెండలం తినమంటున్నాడు.

నూటపదికి పైన. ఒక నర్సు బయటికి వచ్చి పరుగున లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

సమంగా లేదు. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా, మూడు దగ్గరగా.

నవంబర్ 11

నిన్నటిది.

ఒట్టు నిలబెట్టుకోలేదు. తలుపు మీద రెండు చేతులతో బాదాను. ఫ్లో పెంచు, గోపీ, ఫ్లో, అని అరిచాను. వాచ్‌మన్ కన్నారావు నడుం పట్టుకుని వెనక్కి లాగాడు, సాబ్ ఆప్ బైఠ్ జాయియే అంటూ. సుమ, నాన్నా, పరువు తీస్తున్నావు అని ఏడ్చింది. వరండాలో ఎవరో, బుడ్ఢా పాగల్ హో గయా అన్నారు. నన్ను పిచ్చి ముసలాడన్నందుకు నూకన్న వాణ్ణి కొట్టబోయాడు. ఇంత జరుగుతున్నా తలుపు తెరుచుకోలేదు. డెబ్బై అయిదేళ్ళవాణ్ణి, ఆ గదిలో నా జీవితం గడిచింది, ఆ తలుపు లోపల ఏ స్క్రూ వదులో కూడా నాకు తెలుసు. బయట నిలబడి అరవడం తప్ప నాకు చేతనైంది లేదు.

తర్వాత యుగంధర్ వచ్చాడు. సుమతోనే మాట్లాడాడు. గుండె లయ తప్పిందమ్మా, గాలి తీసేసి కుట్లు వేసేశాం, గాల్ బ్లాడర్ తియ్యలేదు, మీ అమ్మగారికి గుండె జబ్బు ఉందని ముందే చెప్పాల్సింది, అన్నాడు. ఆ ఈసీజీ చూసి సరే అన్నది అతనే.

యర్రమ్మ బతికి ఉంది. నాడి మాత్రం ఇంకా సమంగా లేదు.

నవంబర్ 12

గోపినాథ్ మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. గుండె వేగం చూసి మత్తు తేలికైందనుకున్నాడట. నొప్పి తెలుస్తోందేమోనని మందు పెంచుతూ పోయాడట. తలుపు మీద చప్పుడూ నా గొంతూ వినపడ్డాయట. మీరు క్లాసులో అరిచినట్టే ఉంది సర్, చెయ్యి దానంతటదే నాబ్ మీదికి పోయింది, అన్నాడు. ఫ్లో పెంచిన కొద్దిసేపటికి వేగం తగ్గింది. లయ తిరిగి రాలేదు. అంతా అయ్యాక మెషీన్‌లోని పాత డబ్బా విప్పి చూశాడు. లోపలంతా ఊదా.

మీరు రాయండి సర్, నేను సంతకం పెడతాను అన్నాడు. ఈసారి ఎక్కడా చూడలేదు, నన్నే చూశాడు.

నవంబర్ 13

రాశాను. ఇన్నేళ్ళ అర్జీల్లో ఇలాంటిది రాయలేదు. ఒక్క విశేషణం లేదు. సున్నం, ఫ్లో, లేని మానిటర్, తాళం వేసిన బీరువా, వరసగా. యుగంధర్ ఈ దెబ్బతో లేవడు. ఇంతకాలం చేతికి దొరకని సాక్షి నా వైపున్నాడు.

యర్రమ్మ మంచం పక్కన కూర్చుని రాస్తుంటే, ఎవురి మీద బావా ఈసారి, అంది. చెప్పాను. నీకు ఏం చేశారో తెలుసా అన్నాను. కళ్ళు మూసుకునే వింది. మళ్ళీ ఆళ్ళ సేతుల్లోకే గదా నేను ఎల్లాల, ఆ సేతులు ఒణికేలాగ సెయ్యకు, అంది.

కాగితం చింపాను. తర్వాత ముక్కలు మళ్ళీ చింపాను.

నవంబర్ 14

యర్రమ్మకి చలి, వణుకు, జ్వరం. కడుపు పలకలా గట్టిపడింది. ఓడ లేదు.

నవంబర్ 15

అమ్మని చెన్నై తీసుకుపోదామని సుమ సీట్ల కోసం పొద్దున్నుంచీ ఎయిర్‌పోర్టులోనే ఉంది. చెన్నై నుంచి వచ్చిన విమానం ఊరి మీద రెండు చుట్లు తిరిగి, దిగలేక వెనక్కి పోయింది. ఆ చప్పుడు ఆస్పత్రి మంచం మీదికి వినపడింది. యర్రమ్మ, ఎల్లిపోయిందా అంది. పెద్దాసుపత్రిలో సూది గుచ్చి చీము తీసే డాక్టరు సెలవు మీద మెయిన్‌లాండ్‌లో ఉన్నాడు, అతనూ రాలేడు. ఆలస్యం చేస్తే లోపలే పగులుతుంది. రేపు పొద్దున్న కడుపు తెరిచి తియ్యాలన్నాడు యుగంధర్.

అతని గదిలోకి వెళ్ళాను. ఏం మాట్లాడాలో వారం రోజులుగా కాదు, ఏళ్ళుగా తయారుచేసుకున్నవాణ్ణి. రెండు చేతులూ జోడించాను. ఆ డబ్బా విప్పించు యుగంధర్, ఫ్లో ఎక్కువ పెట్టించు, ఇంకేం అడగను, అన్నాను.

అతను కుర్చీలోంచి లేచాడు. తర్వాత బీరువా తెరిచి డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. మీరే విప్పండి గురువుగారూ, మీరూ లోపలికి రండి, అన్నాడు. గోపినాథ్ పెద్దాసుపత్రి వాళ్ళని బతిమాలి గీత చూపించే మానిటర్ అరువు తెచ్చాడు.

కావలసినవన్నీ ఇచ్చేశారు. అడిగితే ఇస్తారని నాకు తెలియదు.

నవంబర్ 16, ఉదయం

చిన్నమ్మి వెనకనుంచి మాస్క్ తాళ్ళు కట్టింది. నా చేత్తోనే సీలు విప్పి సున్నం నింపాను. యర్రమ్మ తల దగ్గర నిలబడ్డాను. ఫ్లో ఎంత పెట్టమంటారు సర్ అన్నాడు గోపినాథ్. ఆరు లీటర్లు అన్నాను. నా రెండు కళ్ళకీ శుక్లాలు, అంకె మసగ్గా ఉంది. గోపినాథ్ చదివి చెప్పాడు. చిన్నమ్మి మళ్ళీ చదివి చెప్పింది.

యర్రమ్మ నన్ను గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. ఈ గెటప్ ఏటి బావా, దొంగలాగ ఉన్నావు, అంది.

ఆమెకి మత్తు మాస్క్ నేనే పెట్టాను.

నవంబర్ 17

యర్రమ్మ లేదు.

నవంబర్ 23

నూకన్న అస్థికలు పడవలో తీసుకుపోయి వండూర్ అవతల కలిపాడు. నన్ను రమ్మన్నాడు. అలలు ఎక్కువగా ఉన్నాయని నేను పోలేదు.

ఆరు రోజులుగా వెతుకుతున్నాను. ఆ గదిలో జరిగిందంతా నిమిషం నిమిషం తిప్పి చూస్తున్నాను. ఎక్కడో ఒక చెయ్యి తప్పు చేసి ఉండాలి.

సున్నం కొత్తది. మానిటర్‌లో గీత అడుగుకి తాకుతూ ఉంది, చెడు గాలి చుక్క లేదు. ఆరు లీటర్ల ఫ్లో. ఫ్లో ఎక్కువైతే మందు కూడా తొందరగా ఎక్కుతుంది, ముసలి గుండె దానికి నెమ్మదిస్తుంది. అందుకని మందు సగానికి తగ్గించమన్నాను. అడగకముందే తగ్గించాడు గోపినాథ్. చిన్నమ్మి ఆ అంకె కూడా చదివింది. బీప్ ఎగుడుదిగుడుగానే ఉన్నా నిదానంగా ఉంది. యుగంధర్ తొందరపడలేదు. అతను అంత జాగ్రత్తగా కొయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. గాల్ బ్లాడర్ నల్లగా కుళ్ళిపోయింది. ముక్కలుగా వచ్చింది. కడిగాడు. కుట్లు వేస్తున్నాడు.

అప్పుడు బీప్ దూరం దూరంగా పడింది. గోపినాథ్ మందు కట్టేశాడు. మొత్తం ఆక్సిజన్ తెరిచాడు. ఇంజెక్షన్ ఇచ్చాడు. నేనైతే ఇచ్చేదే, ఇచ్చే వరసలోనే. ఒక బీప్. ఇంకోటి. తర్వాతిది రాలేదు. యుగంధర్ స్టూలు ఎక్కి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. ఎవరినీ మార్చుకోనివ్వలేదు. చెమటతో కణతల మీంచి రంగు కారి నల్లచారలు మెడ దాకా దిగాయి. చాలు సర్ అని గోపినాథ్ అన్నా వినలేదు. ఇక చాలు యుగంధర్, అని నేను అనాల్సి వచ్చింది.

మొదటిసారే డబ్బా విప్పి ఉంటే ఆరోజే తీసేసేవారు, ఇక్కడిదాకా వచ్చేది కాదు. ఈ మాట నాకు తెలుసు. పదోతేదీకి దోషులున్నారు. పదహారోతేదీకి లేరు. ఆ రోజు నేను చెప్పిన ఫ్లో, నేను విప్పిన సున్నం, నేను కోరిన మనుషులు, నేను నిలబడిన చోటు. యర్రమ్మ పోయింది పదహారున. ఆ గుండె అంతదాకా వచ్చి అలసిపోయిందంటారా, విషం రక్తంలోకి ఎక్కిందంటారా, ఆరుకి బదులు నాలుగు అని ఉంటే ఏమయ్యేదంటారా. ఇంట్లో ఉన్న పాత వైద్యగ్రంథాలన్నీ దించాను. చెదలు పట్టిన పేజీల్లో కూడా చూశాను. అన్నీ మేం చేసిందే చెయ్యమంటున్నాయి.

సుమ వచ్చి పుస్తకాలు మళ్ళీ అరల్లో పెట్టింది. నాన్నా, ఇంక ఎవరినీ ఏమీ అనకు, నిన్ను కూడా, అంది.

డిసెంబర్ 1

మధ్యాహ్నం గోపినాథ్ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. అన్నం వండాను, చేపల పులుసు పెట్టాను. ఇద్దరం తిన్నాం. ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. అతను అనలేదు. నేనూ అనలేదు.